మామిడి మొద్దు మీద పుట్టగొడుగులు

మార్టూరు

అక్కకు చెల్లి గౌరి నమస్కారాలు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు, పిల్లలు కులాసానా? మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు. ఫోనులో సగం మాటలు తెగిపోతున్నాయని రాస్తున్నాను.

నీ మరిది రాళ్ల పాలిషింగు యూనిట్లో కుదురుకున్నాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా తెల్లటి పొడే. ఇక్కడ కొండలు లేవు, ఎటు చూసినా పత్తి, మిరప చేలు. కూరలు నోట్లో పెడితే కళ్ల వెంట నీళ్లే. మొదట్లో పగలంతా ఒక్కదాన్నే, పలకరించేవాళ్లు లేక ఏడుపొచ్చేది. ఇప్పుడు బాగున్నానులే.

మొన్న ముసురు వదిలాక పెరట్లో ఎండిన మామిడి మొద్దు మీద పుట్టగొడుగులు గుత్తులుగా లేచాయి. నాకు ప్రాణం లేచొచ్చింది! కోయబోతుంటే మాకు ఇల్లు అద్దెకిచ్చిన మస్తాన్‌బీ కేకేసింది.

"ఏయ్ అమ్మాయ్! కుక్కగొడుగులవి! నీకేమన్నా అయితే మీ అమ్మకి నేనేం చెప్పను?"

"మా కొండల్లో తింటాం పిన్నీ. చూడకుండా తిననులే."

అమ్మ నేర్పినట్టే ఒక్కొక్కటీ తిప్పి చూశాను. గొడుగు కింది రేకలు తెల్లగా, పొట్టి కాడ మీదికి జారి ఉన్నాయి. కాడకి ఉంగరం లేదు. మొద్దు అవతలి వైపు వేరే చిన్నవి ఉన్నాయి. వాటి రేకలు తుప్పు రంగు, కాడకి ఉంగరం. వాటి జోలికి పోలేదు. మంచివనుకున్న వాటిలో ఒకటి నల్లగుడ్డ మీద పెట్టి గిన్నె బోర్లించాను. తెల్లారి తీస్తే రేకల ముద్ర తెల్లటి పొడిలా పడి ఉంది. అచ్చం మన చిప్ప పుట్టగొడుగులే అక్కా! ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఉల్లిపాయలేసి బాగా ఉడికించాను. పిన్ని గుమ్మంలోంచే వాసన పీల్చి, "రేపటికి నువ్వు బాగుంటే అప్పుడు చూద్దాం" అని వెళ్లిపోయింది. నీ మరిది రెండోసారి వడ్డించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పిన్ని తలుపు దబదబా బాదింది. "అమ్మాయ్! ఉన్నావా?"

"ఉన్నాను పిన్నీ!"

"మీ ఆయన?"

"గురక వినపడట్లేదా?"

ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుని పకపకా నవ్వింది. కొంగుచాటు నుంచి గిన్నె తీసి, "ఏమన్నా మిగిలిందా?" అంది.

ఏమీ మిగల్లేదు. ఇద్దరం మొద్దు దగ్గరికెళ్లి కొత్తగా విచ్చినవి కోశాం. ప్రతిదీ తిప్పి చూపించి, "ఇది మంచిదేనా?" అంటూనే ఉంది. సందేహం వచ్చినవి పారేశాను. ఆ మధ్యాహ్నం ఒకే చాప మీద కూర్చుని తిన్నాం. ఆఖరి ముక్క నా కంచంలో వేసి, "ఇక నుంచి ఒక్కదానివే తినకు, నన్ను పిలువు" అంది.

ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కొండపసుపు పంపించు, ఆవిడకిస్తాను. పెద్దవాళ్లందరికీ నా దండాలు. అమ్మని నన్ను మనసారా దీవించమను.

నీ చెల్లి
గౌరి