ముప్ఫై రెండు కాగితాల మీద ఒకటే తప్పు

మావయ్యకి నమస్కారాలు,

ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేనిదాన్ని ఇప్పుడు ఉత్తరం రాశానంటే పని పడిందని మీకు ఇట్టే తెలిసిపోతుంది. దాచడమెందుకు, పడింది. నా పాటలతో ఆల్బమ్ చేయడానికి రికార్డింగ్ కంపెనీ ఒప్పుకుంది. సరదా పాటలే, కానీ వెనక గిటార్లూ డ్రమ్ములూ ఉండవు. వయొలిన్లు, సెల్లోలు, క్లారినెట్లు, పొడుగాటి గొట్టంలా ఊదే బస్సూను, మొత్తం ముప్ఫై ఇద్దరు కచేరీ హాలు వాద్యగాళ్లు. ఒక పాట పళ్ల డాక్టరు దగ్గర ఎదురుచూపుల మీద. ఇంకోటి తాళంచెవి పోగొట్టుకున్నవాడి మీద. మూడోది, విడిపోయాక కూడా ఒకే ఆఫీసులో పనిచేసే జంట మీద.

అందరి స్వరాలూ కలిపి రాసిన పెద్ద ప్రతి పంపుతున్నాను. ఎవరి కాగితం వాళ్లకి విడివిడిగా రాసిపెట్టాలి. కచేరీ హాలు కాగితాలన్నీ రాసేది మీరేగా, మీరు రాస్తే తప్పు దొర్లదని అక్కడ అందరూ అంటారు. వాద్యగాళ్లు ఒక్క పూటే దొరికారు. ఆ సాయంత్రం కంపెనీ పెద్దాయనకి పాటలు నచ్చకపోతే ఆల్బమ్ లేదు, నేను మళ్లీ సబ్బుల ప్రకటనలకి పాడుకోవాల్సిందే.

మీ మేనకోడలు

తా.క.: మీకు పాప్ గిట్టదని తెలుసు. చెవులు మూసుకుని కళ్లతో రాయండి.

*

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు,

ప్రతి అందింది. పళ్ల డాక్టరు మీద పాటేమిటో, దానికి అన్ని వయొలిన్లేమిటో నాకు అంతుపట్టలేదు. రెండో పాటలో బస్సూను వాయించేవాణ్ణి ముప్పావు పాట ఊరికే కూర్చోబెట్టావు. పెళ్లాంపిల్లలున్నవాడు, కునుకు తీస్తే ఎవరు లేపుతారు?

అయినా రాస్తాను. నలభై ఏళ్లుగా నాది ఒకటే పద్ధతి. ప్రతిలో ఉన్నది వదలను, లేనిది చేర్చను.

మీ మావయ్య

తా.క.: మీ అత్తయ్య నీ పాట చూసి తెగ నవ్వుతోంది. ఆవిడకి స్వరాలు రావు. ఎందుకు నవ్వుతోందో నేను అడగలేదు.

*

మావయ్యకి,

మీ మేలు మరిచిపోను. ఒక్క మాట. ప్రతిలో నా పిచ్చిరాతలు ఉంటాయి. హడావిడిలో గీసినవి, పట్టించుకోకండి.

మేనకోడలు

*

అమ్మాయీ,

నిన్ను నువ్వు అంత తక్కువ చేసుకోకు. పిచ్చిరాతలనే మాట ఇంకోసారి అన్నావంటే ఊరుకోను. కాగితాలన్నీ నిన్ననే స్టూడియోకి పంపించేశాం. ఒక్క అక్షరం వదల్లేదు.

మావయ్య

*

మావయ్యా,

స్టూడియో క్యాంటీన్‌లో కూర్చుని రాస్తున్నాను. మూడో పాటలో ఆ జంట మెట్ల మీద ఎదురుపడి నవ్వుకునే చోట ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంది కదా. ఆ క్షణంలో ముప్ఫై ఇద్దరూ తలలెత్తి, తాళం తప్పకుండా, ఒక్క గొంతుతో "అయ్యో, మళ్లీ తప్పేనా" అన్నారు.

వయొలిన్ పెద్దావిడ తన కాగితం చూపించింది. సెల్లో స్వరమొకటి తప్పు రాసి కొట్టేసినప్పుడు, పక్కన నన్ను నేను తిట్టుకున్న మాట అది. ముత్యాల్లాంటి అక్షరాలతో అందరి కాగితాల మీదా ఉంది, పాటలో అనాల్సిన మాటే అనుకున్నారట. మళ్లీ వాయించమందామంటే వాళ్లు ఇంకో కచేరీకి వెళ్లిపోయారు. నాలుగింటికి పెద్దాయన వింటాడు. నా కొంప ముంచారు మావయ్యా.

తా.క.: ఒక వయొలిన్ ఆయన కాగితంలో, నేను గుర్తుకోసం గీసుకున్న "చెల్లెలికి ఫోన్ చెయ్యాలి" కూడా ఉందట. వెళ్లి చేసొచ్చాడు. అన్నాచెల్లెళ్లకి మూడేళ్లుగా మాటల్లేవట. ఆయనొక్కడే మీకు థాంక్స్ చెప్పమన్నాడు.

*

మేనకోడలికి,

ఉత్తరం చదివించుకుని విన్నాను. తప్పు నాది. ఇంట్లో ఇంకెవరిదీ కాదు. తిట్టాలంటే నన్నే తిట్టు.

మావయ్య

*

మావయ్యకి సాష్టాంగ నమస్కారాలు,

నా క్యాంటీన్ ఉత్తరం చింపేయండి. పెద్దాయన మొదటి రెండు పాటలూ గడ్డం గోక్కుంటూ విన్నాడు. మూడోదానిలో ఆ చోటు రాగానే కుర్చీలోంచి లేచాడు. అయిపోయాననుకున్నాను. తలుపు తీసి ఆఫీసు మొత్తాన్నీ లోపలికి పిలిచి మళ్లీ వేయించాడు. టైపిస్టులతో సహా పడీ పడీ నవ్వారు. మూడు పాటలూ పది పాటలయ్యాయి, ఆల్బమ్ బయటికొచ్చింది. నిన్న కచేరీలో ఆ క్షణం వచ్చేసరికి వాద్యగాళ్లకంటే ముందే హాలంతా "అయ్యో, మళ్లీ తప్పేనా" అంది. బస్సూను ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేనైతే దాచుకోకుండా ఏడ్చాను.

రెండో ముద్రణకి కొత్త అట్ట వేస్తున్నారు. దాని మీద మీ పేరు ఉండాల్సిందే.

మీ మేనకోడలు

*

అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు,

చేతిరాత పాతదే, మనిషి కొత్త అనుకోకు. మీ మావయ్యకి చూపు పోయి ఆరేళ్లు. తెలిస్తే హాలువాళ్లు పని ఆపేస్తారని ఎవరికీ చెప్పలేదు. కాగితాలు రాసేది నేనే. చుక్కలూ తోకలూ ఉన్నవి ఉన్నట్టు దించుతాను. ఇదివరకు ప్రతుల్లో "మెల్లగా", "పొంగుతూ" అని మాటలుండేవి. నీదీ అలాంటిదే అనుకున్నాను.

పదో కాగితం దగ్గర అర్థమైంది, అది నిన్ను నువ్వు తిట్టుకున్నదని. చెరిపేద్దామనుకున్నాను. కానీ రాసిన పదిసార్లూ నవ్వొచ్చింది. పదిసార్లు నవ్వించినదాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు. మిగతా ఇరవై రెండూ తెలిసే రాశాను. నీ క్యాంటీన్ ఉత్తరం చదివి వినిపించాక ఆయనకి నిజం చెప్పాను. నన్నొక్క మాట అనలేదు, నేరం నెత్తినేసుకున్నారు.

నిన్న నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. ఇక దాచేది లేదన్నారు. కాబట్టి అట్ట మీద "ప్రతులు రాసింది: అత్తయ్య" అని వేయించు.

మీ అత్తయ్య

తా.క.: అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండాలట. వేలితో తడిమి చదువుకుంటానంటున్నారు మీ మావయ్య.