సెకనుకు పంతొమ్మిది

బావకు,

ఎప్పుడూ రాసే 'ప్రియమైన' అన్న మాట ఈసారి పెట్టలేదు. మరిచిపోయి కాదు. ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసు. మా అక్కను చేసుకుంటావా అన్న మాట కూడా ఆ రోజుల్లో నీకు కాగితం మీదే రాసిచ్చాను. నీ షాపు రెండు వీధుల అవతలే. నడిచి రాలేక కాదు. వస్తే నువ్వు ఏదో జోకు వేస్తావు, నేను నవ్వేస్తాను. ఈసారి నవ్వదలుచుకోలేదు.

పదహారు నెలలు దాచాను. మోటార్ల వైండింగులో వచ్చినదాంట్లో ఇంటిఖర్చు పోగా మిగిలింది వేరే పేజీలో రాసుకుంటూ వచ్చాను. నలభై ఆరేళ్ళ మనిషికి ఆటల కంప్యూటర్ ఏమిటని ఇంట్లో నవ్వారు. నువ్వు నవ్వలేదు. నీ కౌంటర్ మీద కాగితం పరిచి ఏ భాగానికి ఎంతో ఇద్దరం కలిసే వేసుకున్నాం. నేను మెరిసే క్యాబినెట్ అడిగితే, "డబ్బాకి లైట్లెందుకురా, సర్కస్ పెడతావా?" అని కొట్టేశావు. అక్కడ మిగిలింది తెచ్చి పవర్ సప్లైలో కలిపావు. "ఇది నాసిరకంది పెట్టావంటే మిగతావన్నీ ఒక్కసారే పోతాయి. నీకు నేను చెప్పాలా, మోటార్లు కాలితేనే కదా నీ ఇంట్లో పొయ్యి వెలిగేది" అన్నావు. నిజమే అనిపించింది. ఆట బొమ్మను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు చాల్లేదు. "ప్రాసెసర్ కూడా కాస్త బొమ్మ చూపిస్తుందిలే. కార్డు కొనేదాకా దాంతో నెట్టుకురా" అన్నావు. బిగించడానికి వస్తానన్నావు. నేనే వద్దన్నాను. కాలిన మోటార్లు విప్పి చూసుకుంటూ పని నేర్చుకున్నవాణ్ణి, పది స్క్రూలు బిగించుకోలేనా అనుకున్నాను.

రెండు నెలలు అలాగే ఆడాను, కార్ల రేసు. సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో తెర మూలలో ఒక అంకె కనిపిస్తుంది. ఆ అంకె పెరిగేకొద్దీ ఆట సాఫీగా సాగుతుంది. రోజూ రాసుకున్నాను. పంతొమ్మిది. మలుపు వచ్చిందని నేను చూసేసరికి కారు గోడలో ఉండేది. తర్వాత నువ్వు కార్డు తెచ్చావు. "ఒకతను ఎనిమిది నెలలే వాడాడు, డబ్బు అవసరమై అమ్ముకుంటున్నాడు. బంగారంరా, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నావు. నేను నిజంగానే కళ్ళు మూసుకున్నాను. బిగించాను. ఫ్యాన్లు తిరిగాయి. ఆట మొదలుపెట్టాను. పంతొమ్మిది. మర్నాడూ అంతే. పదకొండు రోజులు రాశాను బావా, ఒక్కరోజు కూడా ఇరవై కాలేదు.

అప్పుడు కార్డు బయటికి తీసి చూశాను. నాలుగు స్క్రూల తలల మీదా కొత్త గీతలు. ఎవరో విప్పారు. కాలిన మోటారుకు రంగు పూసి అంటగట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళ స్క్రూలు ఇలాగే ఉంటాయి. చచ్చిన కార్డు ఎవరి దగ్గరో పట్టుకొచ్చి, దులిపి, నాకు అమ్మావు. పరాయివాడైతే వెళ్ళి గొడవ పెట్టుకునేవాణ్ణి. నీతో ఏమని పెట్టుకోను? ఆ పవర్ సప్లైలో నీకెంత మిగిలిందో అని కూడా ఇప్పుడు అనిపిస్తోంది. కౌంటర్ దగ్గర నువ్వు అన్న ఒక్కో మాటనూ మళ్ళీ విప్పి చూసుకుంటున్నాను. డబ్బు కంటే నాకు అదే బాధ. ముప్పై ఏళ్ళలో నేను చూసుకోకుండా సంతకం పెట్టగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు.

ఇద్దరం కలిసి ఆడదామని నీకోసం కొన్న రెండో కంట్రోలర్‌ను డబ్బా విప్పకుండానే వెనక్కి ఇచ్చేశాను. అక్కకు ఏమీ చెప్పను. ఇంటికి వస్తే కూర్చోమంటాను, మంచినీళ్ళిస్తాను. అంతకుమించి నువ్వు నాకు షాపతనివే.

ఇట్లు,
నీ దగ్గర సరుకు కొన్నవాడు


బావమరిది గారికి,

మీ ఉత్తరం అందింది. షట్టర్ కింద నుంచి తోశారు కాబట్టి ఒక మూల చిరిగింది. చదవాల్సినదంతా బాగానే ఉంది.

ఆ స్క్రూలు విప్పింది నేనే. లోపల దుమ్ము పట్టి, వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంది. మీ చేతికిచ్చే ముందు ఒక సెలవురోజు కూర్చుని తుడిచి, కొత్తది రాశాను. చెప్పుకునేంత పని అనిపించలేదు. పవర్ సప్లై నేను కొన్నప్పటి బిల్లు జత చేశాను. మీ పుస్తకంలోని అంకె పక్కన పెట్టి చూసుకోండి. కార్డు వద్దనుకుంటే మీరిచ్చిన ధరకే వెనక్కి తీసుకుంటాను.

ఒక్క ప్రశ్న. కార్డు బిగించాక మానిటర్ కేబుల్ ఏ పోర్టులో పెట్టారు?

ఇట్లు,
షాపతను


ప్రియమైన బావా,

నువ్వు నన్ను 'మీరు' అన్నావు. 'ఒరేయ్' తప్ప ఇంకో పిలుపు నీ దగ్గర నేనెప్పుడూ వినలేదు. మిగతా ఉత్తరం చదవడానికి చాలాసేపు పట్టింది.

బిల్లు చూశాను. రెండు అంకెలూ ఒకటే.

తర్వాత కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. కార్డు లేని రెండు నెలలూ కేబుల్‌ను పైన, ప్రాసెసర్ బొమ్మ వచ్చే మదర్‌బోర్డు పోర్టులో పెట్టి ఆడాను కదా, అది ఇంకా అక్కడే ఉంది. కార్డుకు సొంత పోర్టులు కింద వరుసగా ఉన్నాయి. వాటి ప్లాస్టిక్ మూతలు కూడా నేను తీయలేదు. పదకొండు రోజులూ నువ్వు తుడిచిన కార్డు ఫ్యాన్లు తిప్పుకుంటూ ఊరికే కూర్చుంది. పాపం ఆ ప్రాసెసరే చెమటోడ్చి బొమ్మ చూపించింది. ప్లగ్గు పెట్టకుండా మోటారు తిరగడం లేదని నా దగ్గరికి మోసుకొచ్చేవాళ్ళ సంగతి చెప్పి నిన్ను ఎంత నవ్వించేవాణ్ణి.

కేబుల్‌ను కార్డు పోర్టులోకి మార్చి ఒక్క రేసు ఆడాను. తొంభై నాలుగు. మలుపులో కారు చేపలా తిరిగింది. పదహారు నెలలు ఎదురుచూసింది దానికోసమే. అయినా సంతోషం కలగలేదు.

"బావా, ఇదేమిటి ఇలా ఉంది?" అని ఒక్క మాట అడిగితే పోయేది. అన్నీ సొంతంగా నేర్చుకున్నాను, అడగడం ఒక్కటి తప్ప. మోసం జరిగిన మాట నిజమే. చేసింది నేను.

ఈరోజు కంట్రోలర్ మళ్ళీ కొన్నాను. అమ్మినతను గుర్తుపట్టి, "మొన్న మీరే కదండీ వెనక్కిచ్చారు, ఇందులో ఏం పోయింది?" అన్నాడు. "ఇందులో కాదు, నా తలకాయలో" అన్నాను.

కేబుల్‌ను తీసి మళ్ళీ పాత పోర్టులోనే పెట్టాను. ఇప్పుడు తెర మీద పంతొమ్మిదే కనిపిస్తోంది. నువ్వు వచ్చి, వెనక్కి వంగి చూసి, అనాల్సినవన్నీ అని, నీ చేత్తో మార్చాలి. అప్పటిదాకా అది అక్కడే ఉంటుంది.

ఏమైనా అను. 'మీరు' అని మాత్రం అనకు.

నీ బామ్మర్ది