చెప్పులు విడిచిన చోటు

ప్రియమైన బాపుకు,

నేను పనిచేసే ఇంటి మేడం నా ఫోన్ లాక్కుంది. ఈ కాగితాన్ని పక్కింటి డ్రైవరు, మన ఎల్లారెడ్డిపేట సతీశ్, ఫోటో తీసి కోరుట్లకు పంపుతానన్నాడు. బాపూ, ఇక్కడ నన్ను కొడుతున్నారు. రోజుకు ఒక్కపూటే తిండి. శుక్రవారం పొద్దున వాళ్ళు బయటికెళ్ళే రెండు గంటలే నాకు దారి. ఆ రోజు కువైట్‌లో ఎంబసీకి సెలవు. అది తెరిచే ఆదివారం దాకా నన్నెవరు దాస్తారు?

నీ బిడ్డ,
రజని

ప్రియమైన రజనికి,

నీ ఉత్తరం చదివాను. సతీశ్‌ను చర్చిల దగ్గర దింపమను. మన సీఎస్‌ఐ సంఘం బోర్డు వెతుకు, మనవాళ్ళు దాస్తారు. ఇవాంజెలికల్ అని ఉన్నచోటికి పోకు, మైకులు పట్టుకుని సందులు తిరిగేవాళ్ళు నిన్నేం కాపాడతారు? ఆరాధనను పూజ అనే ఆర్‌సీఎం కాథలిక్కుల గడప అసలే తొక్కకు. మీ అక్క ప్రేమలత అలాంటి ఇంటి కోడలై జగిత్యాల పోయిననాడే నాకు బిడ్డ కాదని చెప్పాను.

నీ కోసం మోకాళ్ళ మీదున్న బాపు,
ఆశీర్వాదం

బాపూ,

సీఎస్‌ఐ బోర్డు ఎక్కడా లేదు. ఒకచోట సిరియన్ అని ఉంటే సిరియా దేశం వాళ్ళనుకుని దాటిపోయాను. సిరియన్ అంటే కేరళ క్రైస్తవుల్లో ఒక శాఖట, లోపలంతా మలయాళీలేనట. ఇవాంజెలికల్ గేటు ముందు అరగంట నిలబడి, నీ మాట మీద వెనక్కి వచ్చాను. సతీశ్ తర్వాత కనుక్కున్నాడు. "అక్కా, ఈడ ఇవాంజెలికల్ అంటే ప్రొటెస్టెంటోళ్ళు అందరు. మీ తెలుగు సీఎస్‌ఐ ఆరాధన గా గేటు లోపల్నే అయితదట" అన్నాడు.

ఆలస్యమైందని మేడం నా చేతికి ఇస్త్రీపెట్టె ఆనించింది. ఇంకో వారం ఉంటానో లేదో తెలియదు.

రజని

ప్రియమైన బాపుకు,

ఈ శుక్రవారం ఆ గేటుకు తాళం. తెలుగు ఆరాధన సాయంత్రమట. రోడ్డు మీద కూలబడ్డాను. పక్క ఆవరణలో ఒక గది ముందు చెప్పుల కుప్ప కనిపించింది. ఇక్కడి చర్చిల్లో నేను చూసినవాళ్ళంతా బూట్లతోనే ప్రార్థనకు కూర్చుంటారు. బయట విడిచేది మన తెలుగువాళ్ళమే కదా. తలుపు మీద కాథలిక్ అని ఉంది. అది చదివి కూడా నా చెప్పులు విడిచాను.

లోపల తెలుగులో పూజ జరుగుతోంది. సిరిసిల్ల నుంచి వచ్చిన కనకవ్వ అనే ఆమె నా చెయ్యి చూసి, "ఏ ఊరు బిడ్డా? ఎవలు చేసిండ్రే గిట్ల?" అంది. ఇప్పుడు ఆమె గదిలో దాక్కున్నాను. ఎల్లుండి ఎంబసీకి తీసుకుపోతానంది. అక్కలాగే నన్నూ వద్దనుకుంటే నీ ఇష్టం.

రజని

ప్రియమైన బిడ్డకు,

నువ్వు ఎంబసీ చేరావో లేదో ఇంకా తెలియలేదు. ఈ ఆదివారం మన ఆరాధనకు పోలేదు. బస్సెక్కి జగిత్యాల వచ్చాను. ఆర్‌సీఎం గుడి ముందున్న చెప్పుల్లో నావీ విడిచాను.

తొమ్మిదేళ్ళ తర్వాత చూసిన మీ అక్క ఒక్కటే అడిగింది: "బాపూ, చెల్లె మంచిగున్నదా?"

నీ చెయ్యి కాలింది నా మాట వల్లేనని నోటితో చెప్పలేకపోయాను. నీ ఉత్తరాల ఫోటోలున్న ఫోన్ తన చేతిలో పెట్టాను. ఇప్పుడు రెండోది, నా మాట మీద నువ్వు ఆ గేటు ముందు నుంచి వెనక్కి వచ్చిన ఉత్తరం, చదువుతోంది.

మీ ఇద్దరి బాపు