ఫొటోలో ఎక్కిన రైలు

అమీర్‌పేట, సోమవారం

ప్రియమైన మేనల్లుడు ఆండ్రూకు, ప్రభువు నామమున దీవెనలు.

ఉద్యోగులు ఒక్కొక్కరూ ఒక్కో కారులో రావడం మాన్పించి మెట్రో ఎక్కించినందుకు, శుక్రవారం పంజాగుట్టలోని నీ ఆఫీసులో నీకు సన్మానమట. శాలువా కప్పేటప్పుడు చదవడానికి నేను సీసపద్యం రాయాలట. నిన్ను కల్పవృక్షంతో పోల్చమని నీ సహాయకుడు ఫోనులో సలహా కూడా ఇచ్చాడు. ఛందస్సు నేర్చుకున్నందుకు మొదటిసారి సిగ్గుపడ్డాను.

నీ ఘనకార్యాన్ని ఈ ఉదయం మా స్టేషన్ దగ్గర కళ్లారా చూశాను. మెడలో నీ కంపెనీ కార్డులు వేసుకున్న ఇద్దరు బోర్డు కింద నిలబడి ఫొటో దిగుతున్నారు.

"జర నవ్వు భాయ్, బోర్డు సుత పడాలె!"

"రైలు ఎక్కరా నాయనా?" అన్నాను.

"ఎక్కుడెందుకు తాతా? ఫొటో పంపితే బహుమతి ఇస్తుండ్రు. కారు గా గల్లీల ఉంది."

బైబిల్లో నలుగురికీ కనబడాలని వీధి మూలల్లో నిలబడిన పరిసయ్యులే వీరికన్న నయం. వారు కనీసం ప్రార్థించారు. నీవో, కారులో వెనుక సీటున ఒంటరిగా కూర్చుని ఆ బొమ్మలు చూసి మురిసిపోతున్నావు.

మన చర్చి సంఘంలో పాటలు పాడే సెరీనా నీ ఉద్యోగినే. బాచుపల్లిలో బస్సెక్కి, మియాపూర్‌లో మెట్రో మారి నిజంగా వచ్చే ఆ పిల్లకు ఫొటోలు దిగే తీరిక లేదు. బస్సు రాకపోతే ఆలస్యమవుతుంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం పోతుందని ఆమెకు నోటీసిచ్చావు. ఎక్కినదానికి శిక్ష, ఎక్కనివాడికి కానుక! ఇంతటి వివేకం ఏ పద్యంలోనూ ఇమడదు. రేపు నీవే బాచుపల్లి వెళ్లి, ఆమె ఎక్కే బస్సెక్కి ఆఫీసుకు పో. తరువాత మాట్లాడుదాం.

నీ మేనమామ,
దయారత్నం

అమీర్‌పేట, గురువారం

ఆండ్రూకు,

"మామయ్యా, ఎంతసేపు నిలబడినా బస్సు రాలేదు! చివరికి వచ్చినదెక్కి వెళ్తే, మా గేటు దగ్గర హాజరు మెషీన్ నన్నే లేటని చూపించింది!" అని నీవు ఫోనులో వాపోతుంటే మనసారా నవ్వుకున్నాను. ఆ పాపానికి పశ్చాత్తాపం లేదు.

ఫొటోల బహుమతి రద్దయిందనీ, తన నోటీసు వెనక్కి తీసుకున్నావనీ, బస్సులో వచ్చేవారు కొంత ఆలస్యమైనా ఆ మేరకు సాయంత్రం పని చేసి వెళ్లవచ్చనీ సెరీనా చెప్పింది. దారిలో తోటివారిని ఎక్కించుకున్న కారుకే ఇకపై ఆఫీసు ఆవరణలో చోటట; నీ కారుకూ అదే నియమమట. మంచిది. అయినా పద్యం ఆశించకు. ఒక్కనాడు బస్సెక్కినవాడికి సీసం రాస్తే, నిత్యం ఎక్కేవారికి కావ్యాలు రాయాలి. నాకంత ఆయుష్షు లేదు.

శాలువా ఈపాటికి కొనే ఉంటారు. సెరీనాకు ఇవ్వు. మెట్రోలో ఏసీకి రోజూ వణుకుతోందట.

దయారత్నం