రొయ్యల కొత్త

అప్పా,

నిన్న నీ తమ్ముడిగా అరకు నుంచి, నువ్వు పరిశోధన చేసిన ఉప్పు సరస్సుకి వెళ్లొచ్చాను. సముద్రం నుంచి వచ్చిన రొయ్యపిల్లలు ఎదిగేదాకా, సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర వల వేయకూడదని నీ పరిశోధనలో తేల్చావు కదా. నువ్వు పోయాక, ఈ ఏడే చేపల శాఖ ఆఫీసువాళ్లు దాన్ని రూలు చేశారు. జాలర్లు మాత్రం రూలు అనడం లేదు.

"కొత్త పండగ సెయ్యకుండా మీ కొండోల్లు మామిడికాయ కొరకరంట గదా. మీ అప్పే సెప్పింది. మాకిది రొయ్యల కొత్త బాబూ," అంది వల బాగుచేస్తున్న ముసలమ్మ.

కొత్తలో తొలి ముద్ద పోయినవాళ్లకి పెట్టాలని కూడా చెప్పావట. నిన్న గడువు తీరి, తొలి వలలో పడిన రొయ్యలు వండి, నీ పేరున ఆకులో పెట్టారు.

ఆ వాసనకే నువ్వు ముక్కు మూసుకునేదానివని నేను చెప్పలేదు. దణ్ణం పెట్టి, నీ వంతు నేనే తిన్నాను.