తెల్ల మేజోళ్ళు

చెల్లీ,

నీ మోకాలి కట్టు విప్పారని తెలిసి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇక చెప్పక తప్పనిది చెబుతాను. నువ్వు దొరగారని పిలుచుకునే నీ పిల్లి ఇప్పుడు నా దగ్గర లేదు. వీధి చివర టైలరమ్మకి ఇచ్చేశాను.

నువ్వు ఆస్పత్రికి వెళ్ళిన మూడో వారం నుంచి ఇంట్లో పురుగులు. ఆవగింజలో సగం ఉండవు, పట్టుకోబోతే జానెడెత్తు గెంతుతాయి. నా చీలమండల నిండా దద్దుర్లు. ప్రార్థనకు కూర్చుంటే రెండు మాటలు దేవుడితో, మూడో మాట గోళ్ళతో. ముప్పై ఏళ్ళుగా ఒక్కపూట తప్పనిదాన్ని, మధ్యలోనే లేచిపోతున్నాను. దొరగారికి రెండుసార్లు స్నానం చేయిస్తే నా చెయ్యంతా గీరేశారు. పిల్లి పోతే పీడా పోతుందనుకున్నాను. సంచిలో పెట్టి తీసుకెళ్తుంటే ఒక్కసారైనా అరవలేదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. తిట్టు, కానీ రాయడం మానకు.

నీ అక్క


చెల్లీ,

"అడగాలని కూడా అనిపించలేదా అక్కా?" అని ఒక్క వాక్యమే రాశావు. పదిసార్లు చదివాను.

పిల్లి వెళ్ళాక పురుగులు తగ్గలేదు సరికదా, దాని వాటా కూడా నన్నే కుట్టాయి. చివరికి పశువుల డాక్టరమ్మను పిలిచాను. గుమ్మంలో చెప్పులు విప్పి, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు తొడుక్కుని గదులన్నీ తిరిగింది. వంటగదిలో తెల్లగానే ఉన్నాయి. నీ గదిలోనూ అంతే. నా ప్రార్థన మూలలో అమ్మ తివాచీ మీద నిలబడగానే నల్లచుక్కలు పైకి పాకాయి.

"దీన్నెప్పుడు ఉతికారండీ?"

"మా అమ్మ పోయాక ఉతకలేదమ్మా. పదకొండేళ్ళయింది."

ఆవిడ నవ్వలేదు. "పిల్లి ఎక్కువసేపు పడుకునే చోటే వీటి గుడ్లు రాలతాయండీ. రోజూ ఇక్కడే పడుకునేదా?"

నాకు తెలియదు చెల్లీ. నేను కళ్ళు మూసుకుని ఉండేదాన్ని కదా.

అమ్మ వాసన పోతుందని ఇన్నేళ్ళూ దాన్ని నీళ్ళకు తగలనివ్వలేదు. నవ్వుతావని నీకూ చెప్పలేదు. ఆ సాయంత్రమే వేడినీళ్ళలో ముంచాను. నీళ్ళు తుప్పురంగుకి తిరిగాయి. పిల్లికి మెడ వెనక నెలకోసారి మందు వేయడమొక్కటే చాలదట, మంచాల కింద, గోడల వారన రోజూ వాక్యూమ్ పట్టి, ఆ చెత్త వెంటనే బయట పారేయాలట. గుడ్లలోంచి వచ్చి గూళ్ళు అల్లుకుని దాక్కున్నవి అడుగుల అదురుకి బయటికొస్తూనే ఉంటాయి, ఇంకొన్ని వారాలు ఓపిక పట్టమంది డాక్టరమ్మ.

టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. "మీ దొరగారు నా కుట్టుమిషను మీద కాపురం పెట్టారండీ, తీసుకెళ్ళి పుణ్యం కట్టుకోండి" అంది, కాలు గోక్కుంటూ. సిగ్గుతో చచ్చిపోయాను. దొరగారిని ఇంటికి తెచ్చుకుని, మర్నాడు వాక్యూమ్ మోసుకెళ్ళి ఆవిడ ఇల్లూ నేనే శుభ్రం చేశాను.

ఈ ఉదయం మళ్ళీ కూర్చున్నాను. తివాచీలో సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అయినా కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి మోకాలికి ఏదో వెచ్చగా ఆనింది.

ఈసారి కళ్ళు తెరిచి చూశాను.

నీ అక్క