రెండక్షరాల మధ్య సందు

నాన్నా,

ఎల్లుండి నీ సంవత్సరీకం. పంచే గ్లాసుల మీద నీ పేరు వేయించడానికి, తణుకులో నువ్వు పేర్లు చెక్కిన గిన్నెల కొట్టుకే వెళ్లాను. షావుకారుగారు అద్దాల పెట్టెలోంచి ఆ 1999 నాటి అమెరికా సెంటు నాణెం తీసి చూపించారు.

"అమెరికా అన్న మాటలో ఎ, ఎమ్ మధ్య సందు చూశావా? వేరే అచ్చు పడిందంట. నాణేల పుస్తకంలో ఉంది. చాలా అరుదమ్మా, నేనే కనిపెట్టాను," అన్నారు.

ఆ సందు మొదట చూసింది నువ్వు. చదవడం రాక, నేను కాగితం మీద రాసిచ్చిన అక్షరాల వంపులు చూసి చెక్కే నీకే అది కనిపించింది. షావుకారుగారి దగ్గరున్న రెండు సెంట్లు పక్కపక్కన పెట్టి, "ఇవి ఒక అచ్చువి కాదండి," అన్నావు. ఆయన నవ్వి నన్నడిగారు. నేను గబగబా చదివేసి, "రెండిటి మీదా అమెరికా అనే ఉందండి," అన్నాను.

"అక్షరమ్ముక్క రానోడివి, నీకెందుకయ్యా ఇయ్యన్నీ?" అన్నారాయన.

అప్పటినుంచి చెక్కిన ప్రతి పేరూ "సరిగ్గా ఉందామ్మా?" అని నన్నడిగాకే ఇచ్చేవాడివి.

ఇవాళ ఆయనతో, "అది మా నాన్న చెప్పిందేనండి," అన్నాను.

"చెప్పాడు. కాదన్నది నువ్వే కదమ్మా?" అన్నారు, పెట్టెకి తాళం వేసుకుంటూ.

చదువుకున్న నీ కూతురు